16 మాటలకు తెలుగు

మా సీఎస్‌ఈ సెకండియర్‌లో ఓపెన్ ఎలక్టివ్ కింద చాలామంది సైకాలజీ తీసుకుంటారు. కోడ్ రాయక్కర్లేదు, ల్యాబ్ రికార్డు ఉండదు. ఈసారి మాత్రం మేడం మినీ ప్రాజెక్టు అని ఒక కాగితం చేతిలో పెట్టారు. దాని మీద ఉన్నవి 16 ఇంగ్లీషు మాటలు. ఒక్కో మాట పక్కన ఐదు గడులు, "అస్సలు ఒప్పుకోను" నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను" వరకు. "వీటిని మీ ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో పెట్టండి. డేటా ఏమీ కలెక్ట్ చేయొద్దు. మాటలు సరిపోతున్నాయో లేదో చూడండి, చాలు" అన్నారు. మా టీమ్‌లో ముగ్గురం. 16 మాటలే కదా, ఒక సాయంత్రం పని అనుకున్నాం. మొత్తం ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల గురించే ఈ వ్యాసం.

ఆ కాగితం పేరు స్టిగ్మా ఆఫ్ సూసైడ్ స్కేల్. ఆస్ట్రేలియాకు చెందిన ఫిలిప్ బాటర్‌హామ్, అలిసన్ కలియర్, హెలెన్ క్రిస్టెన్సెన్ కలిసి 2013లో దీన్ని ప్రచురించారు. పూర్తి స్కేల్‌లో 58 మాటలు, చిన్నదాంట్లో 16. ఆత్మహత్యతో చనిపోయినవాళ్ళు మామూలుగా ఎలాంటి వాళ్ళని మీరు అనుకుంటున్నారు అన్నదే ప్రశ్న. జవాబులు మూడు గుంపులుగా పడతాయి. మొదటిది మచ్చ వేసే మాటలు: పిరికి, తెలివితక్కువ, బాధ్యతలేని, సిగ్గుచేటు లాంటివి 8. రెండోది ఒంటరితనం చెప్పే మాటలు 4. మూడోది పొగిడే మాటలు, బ్రేవ్, నోబుల్, స్ట్రాంగ్, డెడికేటెడ్ అనే 4. మూడు గుంపులనూ విడిగా లెక్కేస్తారు. ఒక ఊళ్లో, ఒక కాలేజీలో చనిపోయినవాళ్ళ మీద చిన్నచూపు ఎంత ఉందో దీంతో అంచనా వేస్తారు.

చనిపోయినవాళ్ళ గురించి మనం ఏమనుకుంటే ఏంటి, వాళ్ళకు వినపడదు కదా అని మా టీమ్‌లో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. వినేది వాళ్ళు కాదు. అదే గదిలో కూర్చుని, అలాంటి ఆలోచనే లోపల పెట్టుకుని, ఎవరికి చెప్పాలా అని చూస్తున్న ఇంకొకడు వింటాడు. "పిరికిపంద" అన్న మాట వాడి చెవిలో పడితే, ఇక వాడు ఎవరికీ చెప్పడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా సెక్షన్‌లో ఒకతను అలాగే చనిపోయాడు. ఆ కాలేజీ పేరు, అతని పేరు ఇక్కడ అవసరం లేదు. బడంగ్‌పేట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. మర్నాడు క్లాసు మామూలుగానే జరిగింది. ఒక లెక్చరర్ ఇంగ్లీషులో "వీక్ ఫెలో" అని, మోషన్ ఇన్ ఎ ప్లేన్ చాప్టర్ మొదలుపెట్టారు. ఆ రోజు నా పక్క బెంచీలో ఎవరు ఏం ఆలోచిస్తున్నారో ఎవరూ అడగలేదు. మేడం కాగితం మీద 16 మాటలు చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ రెండు మాటలే.

ఒక ప్రశ్నపత్రాన్ని ఇంకో భాషలోకి తేవడానికి ఒక పద్ధతి ఉంది. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ అనే ఆయన వెనక్కి అనువాదం గురించి రాశాడు. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తారు. అసలు కాగితం చూడని ఇంకొకరు ఆ తెలుగును మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో తెలుస్తుంది. 2000లో బీటన్, ఆమె తోటివాళ్ళు దీన్ని మెట్లుగా రాశారు: ఇద్దరు అనువాదకులు, రెండూ కలిపి ఒకటి చేయడం, వెనక్కి అనువాదం, నిపుణుల కమిటీ, చివరికి 30, 40 మందితో మాట్లాడి చూడటం. జర్మన్, టర్కిష్, చైనీస్, స్పానిష్ మాట్లాడేవాళ్ళ కోసం ఈ స్కేల్‌ను మార్చినవాళ్ళు కూడా ఇలాంటి దారిలోనే వెళ్ళారు. ప్రోగ్రామింగ్ వాళ్ళకు ఇది తెలిసిన పనే. ఎన్‌కోడ్ చేసినదాన్ని డీకోడ్ చేసి, మొదటి దానితో పోల్చి చూడటం. తేడా ఏంటంటే ఇక్కడ ఎర్రర్ మెసేజ్ రాదు.

మొదటి చిక్కు 16 మాటల్లో రాలేదు, వాటి పైన ఉన్న వాక్యంలోనే వచ్చింది. "ఆత్మహత్య"లోనే "హత్య" ఉంది. సరే, ఆ మాట లేకుండా రాయలేం. కానీ తర్వాత వచ్చే క్రియ చూడండి. పేపర్లో, టీవీలో "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అంటారు. ఇంకా దేనికి పాల్పడతారు మన భాషలో? దొంగతనానికి, మోసానికి, దాడికి, అక్రమాలకు. పరోపకారానికి ఎవరూ పాల్పడరు. "అఘాయిత్యానికి పాల్పడ్డాడు" అనేది ఇంకా విచిత్రం. అదే వాక్యం ఆడపిల్ల మీద అత్యాచారం చేసినవాడికీ వాడతారు, చనిపోయిన విద్యార్థికీ వాడతారు. అంటే ప్రశ్న మొదలవకముందే మనం తీర్పు చెప్పేశాం. ఆ వాక్యం చదివినవాడు "పిరికి" పక్కన టిక్కు పెడితే, అది వాడి అభిప్రాయమా, మన క్రియ పెట్టించిందా?

ఇంగ్లీషులోనూ ఇదే గొడవ ఉంది. "కమిట్" అనేది నేరాలకు వాడే క్రియ కాబట్టి దాన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకు సూచించింది. ఆ సంస్థ సూచనల ఆధారంగానే మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో పత్రికలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ క్రియ వెనక చట్టం కూడా ఉండేది. 1860 నాటి ఐపీసీలో 309 సెక్షన్ ప్రకారం ప్రయత్నించి బతికినవాళ్ళకు ఏడాది దాకా జైలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలా ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని చెప్పింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేనే లేదు. చట్టం ఆ సెక్షన్‌ను వదిలేసింది. మనం మాత్రం ఇంకా "పాల్పడుతూ"నే ఉన్నాం.

చివరికి మేం నానమ్మను అడిగాం, మామూలుగా ఏమంటారని. "పానం తీసుకున్నడు అంటం" అంది. కమిటీలో, అంటే మేం ముగ్గురం, మేడం, కాలేజీ కౌన్సిలర్ కూర్చుని "తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు" అని ఖాయం చేశాం. అందులో తీర్పు లేదు, జరిగిందే ఉంది.

రెండో చిక్కు "పెథెటిక్" అనే మాట. నేను ఒకటి నుంచి పది దాకా ఇంగ్లీష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. కాబట్టి డిక్షనరీ తీశాం. "దయనీయమైన", "జాలిగొలిపే" అని ఉంది. పెట్టాం. వేరే బ్రాంచ్ ఫ్రెండ్ దాన్ని వెనక్కి ఇంగ్లీషులోకి మారిస్తే "డిజర్వింగ్ సింపతీ" అని వచ్చింది. ఇంగ్లీషులో తిట్టుగా బయల్దేరిన మాట తెలుగులో దిగేసరికి ఓదార్పు అయిపోయింది. దాన్ని అలాగే వదిలేస్తే, చనిపోయినవాళ్ళ మీద జాలిపడే ప్రతి మంచి మనిషికీ మన లెక్కలో "చిన్నచూపు ఎక్కువ" అని మార్కు పడుతుంది. స్కేల్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ కొలిచేది తలకిందులు.

అప్పుడు మా ఫ్రెండ్ "అసలు మనవాళ్ళు ఏమంటారు? పాపం అంటారు కదా" అన్నాడు. అంటారు. అందరూ అంటారు. "పాపం, చిన్న పిల్లోడు." కానీ కాగితం మీద ఇంకో మాట కూడా ఉంది, "ఇమ్మోరల్". దానికి మా ఇళ్ళల్లో వచ్చిన జవాబు? "పాపం కదా అట్ల చేసుడు." ఇంగ్లీషులో ఒకటి జాలి, ఒకటి పాతకం. మన దగ్గర రెండూ ఒకే మాట. గొంతును బట్టి, తర్వాత వచ్చే మాటను బట్టి ఏదో తెలుసుకోవాలి. కాగితానికి గొంతు ఉండదు.

ఆ వారంలో చనిపోయిన అతని వాళ్ళ అమ్మ కూరగాయల బండి దగ్గర కనిపించింది. ఏం చదువుతున్నావు బిడ్డా అని అడిగితే, ఈ ప్రాజెక్టు గురించి చెప్పకుండా ఉండలేకపోయాను. ప్రశ్నలేవీ అడగలేదు. ఆమే అంది: "అందరు పాపం పాపం అంటరు బిడ్డా. ఏ పాపమో మాత్రం చెప్పరు." కాసేపు ఆగి, ఇప్పుడు బోనాలకూ బతుకమ్మకూ పిలవడానికి వచ్చేవాళ్ళు గేటు దగ్గర నిలబడి చెప్పి పోతారని, లోపలికి వచ్చి కూర్చోరని చెప్పింది. మా అమ్మ కూడా ఆ గేటు దగ్గరి నుంచే చెప్పి వచ్చిందేమో నాకు తెలియదు. ఆ రాత్రి అమ్మకు ఈ మాట చెప్పాను. తర్వాతి ఆదివారం అమ్మ వాళ్ళింటికి వెళ్ళి గంటసేపు కూర్చుని వచ్చింది. ఈ పేరా ఆమెకు చదివి వినిపించి, సరే అన్నాకే ఇక్కడ పెట్టాను.

పాపం సంగతి వ్యాకరణమే తేల్చింది. ఒట్టి "పాపం" జాలి. "పాపం చేసినవాళ్ళు" అంటే అనుమానం లేదు. కాబట్టి "ఇమ్మోరల్" దగ్గర "పాపం చేసినవాళ్ళు" పెట్టాం. "నీతిలేనివాళ్ళు" అని కూడా ఆలోచించాం గానీ, ఆ మాట వినగానే మా నాన్నకు రాజకీయ నాయకులు గుర్తొచ్చారు. "పెథెటిక్"కు "చేతకానివాళ్ళు" పెట్టాం. వెనక్కి మార్చిన ఫ్రెండ్ ఈసారి "యూజ్‌లెస్, కెనాట్ డూ ఎనీథింగ్" అని రాశాడు. అచ్చంగా అదే కాకపోయినా, ఇప్పుడు తిట్టు తిట్టుగానే చేరింది.

మిగతా మాటల్లో ఒక్కోదానికీ ఒక్కో కథ. "లోన్లీ", "ఐసోలేటెడ్" రెండూ "ఒంటరి" దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. నలుగురిలో ఉన్నా ఒంటరిగా అనిపించడం వేరు, నలుగురూ దూరం పెట్టడం వేరు. ఆ గేటు దగ్గరి పిలుపుల గురించి విన్నాక ఆ తేడా మాకు బాగా అర్థమైంది. ఒకదానికి "ఒంటరిగా అనిపించినవాళ్ళు", ఇంకోదానికి "ఎవరూ దగ్గరకు రానివాళ్ళు" అని రాశాం. "షాలో"కి "లోతులేనివాళ్ళు" అంటే నానమ్మ చెరువు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. "ఎంబరాస్‌మెంట్"కు "ఇబ్బందికరం" అంటే బస్సులో సీటు దొరకనట్టు ఉంది. మా వైపు అసలు మాట "ఇజ్జత్ తీసినవాళ్ళు". కోస్తా నుంచి వచ్చిన మా టీమ్‌మేట్ "పరువు తీసినవాళ్ళు" అన్నాడు. రెండూ రాసి మధ్యలో గీత పెట్టాం.

"బ్రేవ్", "కవర్డ్లీ" దగ్గర ఇంకో సంగతి. స్కేల్‌లో అవి రెండు వేరే గుంపులు. మన దగ్గర అవి ఒకే వాక్యంలో ఉంటాయి: "చావడానికి ఉన్న ధైర్యం బతకడానికి లేదా?" చాలామంది పెద్దవాళ్ళు ఇదే అంటారు. ఇలా అనేవాళ్ళు "ధైర్యం" పక్కనా టిక్కు పెడతారు, "పిరికి" పక్కనా పెడతారు. రెండూ నిజాయితీగానే పెడతారు.

ఐదు గడుల సంగతి కూడా చెప్పాలి. మధ్య గడిలో "తటస్థం" అని రాశాం. అది ఎన్నికల వార్తల్లో మాట. నానమ్మ ఆ గడి వాడలేదు. కొన్నింటికి "ఏమో బిడ్డా" అంది. "ఏమో" అంటే తెలియదని కాదు. ఒక్కోసారి "అవును గానీ పైకి చెప్పను" అని, ఒక్కోసారి "నన్ను అడగకు" అని. కౌన్సిలర్ గారు నవ్వి, "ఏమో ఎక్కువగా వచ్చిన ప్రశ్న దగ్గరే ఆగి అడగాలి" అన్నారు. మధ్య గడి పేరు "ఏమో, చెప్పలేను" అని మార్చాం.

"ఎవరి గురించి?" అన్నది మా నాన్న వేసిన ప్రశ్న. "నోబుల్"కు "గొప్ప మనసున్నవాళ్ళు" అని చదివితే, "ఎవరి గురించి అడుగుతున్నవ్? శ్రీకాంతాచారి గురించా, పక్క వీధి పిల్లోడి గురించా?" అన్నాడు. ఎల్బీనగర్ చౌరస్తా మాకు రోజూ తగిలే దారి. 2009 నవంబర్ 29న శ్రీకాంతాచారి అక్కడే తెలంగాణ కోసమంటూ ఆ నిర్ణయం తీసుకున్నాడు, డిసెంబర్ 3న చనిపోయాడు. ఆ తర్వాత రాష్ట్రం వచ్చేదాకా అలా పోయిన ఎంతోమంది యువకుల చావుకు మన భాష "ఆత్మహత్య" అనలేదు. "ఆత్మబలిదానం" అంది, వాళ్ళను "అమరులు" అంది. ఆ ఇళ్ళల్లోనూ ఒక అమ్మ ఉంటుంది, ఆమెకు కావలసింది కొడుకే. నేను ఉద్యమం గురించి తీర్పు చెప్పే వయసు వాడిని కాదు, అప్పటికి నేను పసిపిల్లాడిని. చెప్పేది భాష గురించి మాత్రమే.

యాచారం, మంచాల వైపు వెళితే మూడో మాట వినిపిస్తుంది. అక్కడ రైతు చనిపోతే "అప్పుల బాధకు పోయిండు" అంటారు. కారణం ముందు వస్తుంది, మనిషి తర్వాత. ప్రభుత్వ కాగితంలో అయితే ఇంకోలా ఉంటుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం జీవో 194తో ఆ కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 6 లక్షలకు పెంచింది. అది రావాలంటే అధికారులు విచారించి అది "నిజమైన" రైతు ఆత్మహత్యే అని తేల్చాలి. ఉద్యమకారుడికి పొగడ్త, రైతుకు కారణం, పరీక్ష తప్పిన పిల్లాడికి "వీక్ ఫెలో". ఒకే స్కేల్‌ను ఈ ముగ్గురిలో ఎవరిని మనసులో పెట్టుకుని నింపుతారో దాన్ని బట్టి మార్కు మారిపోతుంది. అందుకే పై వాక్యంలో "విద్యార్థులు" అని చేర్చాం. అసలు స్కేల్ నుంచి అది కొంచెం పక్కకు జరగడమే. మేడం ఒప్పుకున్నారు, కానీ రిపోర్టులో ఎందుకు మార్చామో రాయమన్నారు.

నా సంగతీ చెప్తాను. రెండు కాగితాలూ నేనే నింపి చూసుకున్నాను. ఇంగ్లీషులో "స్టుపిడ్", "ఇర్రెస్పాన్సిబుల్" పక్కన ఆలోచించకుండా "డిసగ్రీ" కొట్టాను. ఇంగ్లీషులో ఏది అనకూడదో స్కూల్ నేర్పింది, ఇన్‌స్టా నేర్పింది. తెలుగు కాగితంలో "అమ్మానాన్నల గురించి ఆలోచించని, బాధ్యతలేనివాళ్ళు" దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఆ మాట మా ఇంట్లో వంద సార్లు విన్నాను. అది నాలో ఉంది. మా కాలేజీలో ఇంగ్లీషు ఫారం పంచితే, మన ఇంగ్లీషు ఎంత మర్యాదగా ఉందో తెలుస్తుంది. మనలో ఏముందో తెలియాలంటే తెలుగులోనే అడగాలి.

చివర్లో సహజంగానే కోడ్ గుర్తొచ్చింది. ప్రశ్నలన్నీ ఒకే వైపు లాగుతున్నాయా అని చూడటానికి 1951లో లీ క్రోన్‌బాక్ చెప్పిన ఆల్ఫా అనే లెక్క ఉంది. పైథాన్‌లో ఒక్క లైను. కానీ ఆ లెక్కకు "పాపం" అంటే ఏమిటో తెలియదు. అందరూ ఒకే రకంగా తప్పుగా అర్థం చేసుకున్నా ఆల్ఫా బాగానే వస్తుంది.

ఈ పని ఎందుకు అని అడిగేవాళ్ళకు రెండు సంగతులు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. వాళ్ళలో 13,044 మంది విద్యార్థులు. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులో, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సిలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు కనపడేలా పెట్టాలని చెప్పింది. కౌన్సిలర్ గది వస్తుంది. ఆ గది తలుపు తడితే "వీక్ ఫెలో" అవుతానన్న భయం ఉన్నంతకాలం ఎవరు తడతారు? అవగాహన సదస్సు ముందు, తర్వాత ఆ భయం తగ్గిందా లేదా అని తెలియాలంటే మన మాటల్లో ఒక కొలత కావాలి.

మా కాగితం ఇంకా పూర్తి కొలత కాదు, ఒక ముసాయిదా. ఎథిక్స్ కమిటీ అనుమతితో, తెలిసిన డాక్టర్ల చేతుల్లోనే ముందుకు వెళ్ళాలి. "వెంజ్‌ఫుల్"కు "కసి తీర్చుకున్నవాళ్ళు" అని పెట్టాం, అది మాకు ఇంకా నచ్చలేదు. "డిస్‌కనెక్టెడ్"కు అయితే ఏమీ దొరకలేదు. "తెగిపోయినవాళ్ళు" అంటే గాలిపటం లాగా ఉంది. మీ ఊళ్లో, మీ అమ్మమ్మ దగ్గర, నల్గొండలోనో శ్రీకాకుళంలోనో ఏదైనా మాట ఉంటే మన క్లబ్‌కు రాసి పంపండి. మనుషుల పేర్లు, వివరాలు వద్దు, మాట చాలు.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా పానం మంచిగా లేకపోతే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబర్ 14416, డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయబుద్ధి కాకపోతే, మా బ్లాక్ సెకండ్ ఫ్లోర్‌లో నేను దొరుకుతాను. కాలేజీ బస్సు 4:20కి. దానికి ముందు ఎప్పుడైనా రండి, క్యాంటీన్‌కు వెళ్దాం. కౌన్సిలర్ గారి గదికి వెళ్ళాలనిపిస్తే నేనూ తోడు వస్తాను.